ఫైకస్ ఆకుల మడతల్లో నల్ల పురుగులు: మిర్చి తామర పురుగేనా?

గుంటూరులో ప్రహరీ వెంట ఉన్న ఫైకస్ కంచెకు లేత ఆకులు నడిఈనె దగ్గర మడతపడి చిక్కుడుకాయలా మూసుకుపోతున్నాయి. పైన ఎర్రటి చుక్కలు. మడత విప్పితే సన్నటి నల్ల పురుగులు, దాదాపు 3 మిల్లీమీటర్లు. పక్కనే లేత పసుపు పిల్లపురుగులు, గుడ్లు. మిర్చి పూలలో చేరే నల్ల తామర పురుగు ఒక మిల్లీమీటరే కదా, పైగా ఆకును ఇలా మడవదు. ఇది ఫైకస్‌కు పట్టే వేరే తామర పురుగే అనుకుంటున్నా, సరేనా?

లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి కొట్టినా మందు మడత లోపలికి దిగదు. మడతాకులు కత్తిరించి సంచిలో కట్టేసి, కొత్త చిగురు విచ్చుకునేటప్పుడే కొడితే ఆగుతుందా? కొన్ని మడతల్లో వీటిని పీల్చి తినే బుల్లి నల్లిలాంటి పురుగులూ ఉన్నాయి. అవి బతకాలంటే మొక్క మొదలు దగ్గర పోసే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు మానేయాలా? పక్కనే కుండీల్లో మిరప మొక్కలున్నాయండి, వాటికీ ఎక్కుతుందా?