పేరు గొప్ప చైనీస్ రెస్టారెంటులో నిరాశపరచిన విందు: ఇది పద్ధతా, లోపమా?

ప్రశ్న:
అందరూ ఆహా ఓహో అంటున్న ఒక చైనీస్ రెస్టారెంటుకు ఇటీవల కుటుంబంతో రాత్రి భోజనానికి వెళ్లాము. చైనాలోని సిచువాన్ ప్రాంతపు వంటలకు పెట్టింది పేరని విని వెళ్లిన ఆ చోట మాపో టోఫు (సోయా పనీర్‌తో చేసే కారపు కూర) తియ్యగా, జిగటగా వచ్చింది; కారం తక్కువైతే సర్దుకోవచ్చు గానీ, నాలుక తిమ్మిరెక్కడం అన్నదే లేదు. వేయించిన నూడుల్స్ పళ్లెం అడుగున నీరు ఊరింది. పెకింగ్ బాతు చర్మం తడిసిన అట్టలా సాగింది. వడ్డించినవారిని అడిగితే అసలైన చైనా పద్ధతి ఇదేనన్నారు. నిజంగా పద్ధతేనా, లేక వంటలో లోపమా?

జవాబు 1:
మాపో టోఫు విషయంలో వారి మాట నిలవదండి. చెంగ్డు నగరంలో పుట్టిన ఆ వంటకు ప్రాణం రెండు దినుసులు: పెద్ద చిక్కుడు గింజలను, మిరపకాయలను ఊరబెట్టి చేసే డోబాన్‌జాంగ్ ముద్ద, సిచువాన్ మిరియాలు. ఈ మిరియాలు మనకు తెలిసిన నల్ల మిరియాల జాతివి కావు, నిమ్మ కుటుంబానికి చెందినవి. నాలుకను తిమ్మిరెక్కించే గుణం వాటి తొక్కలోనే ఉంటుంది. ఎప్పుడో దంచి నిల్వ ఉంచిన పొడి వాడితే వాసనా పోతుంది, తిమ్మిరీ తగ్గుతుంది. ఇక జిగట కార్న్‌ఫ్లోర్ ఎక్కువైనందువల్ల వచ్చి ఉంటుంది.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మాట. తీపి కనిపించగానే అది చైనా వంట కాదనుకోకూడదు. తూర్పు చైనాలోని వూషీ ప్రాంతపు వంటల్లో చక్కెర ధారాళంగా పడుతుంది, సిచువాన్‌లోనే యూషియాంగ్ అనే రుచిలో చక్కెర, వెనిగర్ కలుస్తాయి. మాపో టోఫులో మాత్రం తీపి పైకి తేలకూడదు.
నూడుల్స్ సంగతి వేరు. వోక్ (గుంటగా ఉండే చైనా మూకుడు) బాగా కాలి, అందులో ఒకసారికి కొద్దిగానే వేసినప్పుడు తేమ వెంటనే ఆవిరై, దక్షిణ చైనాలోని కాంటనీయులు వోక్ హే అని పిలిచే ఆ కమ్మని మాడు వాసన పుడుతుంది. నాలుగైదు బల్లల ఆర్డర్లను ఒకేసారి కుమ్మరిస్తే వేడి పడిపోయి, కూరగాయలు నీరు వదిలి, నూడుల్స్ వేగడానికి బదులు ఉడుకుతాయి. పేరు పెరిగి జనం విరగబడిన రెస్టారెంట్లలో చాలాసార్లు జరిగేది ఇదే. పొగిడినవారు బహుశా రద్దీ లేని రోజుల్లో తిని ఉంటారు.

అడిగినవారు:
మేము వెళ్లినప్పుడు బయట కూడా జనం వరుస కట్టి ఉన్నారు. బాతును మాత్రం ముందే కోసి, మూత పెట్టిన పళ్లెంలో తెచ్చారు.

జవాబు 3:
అయితే మీ బాతును పాడుచేసింది ఆ మూతే కావచ్చు. పెకింగ్ బాతుకు చర్మానికీ కొవ్వుకూ మధ్య గాలి ఊది, మరిగే నీళ్లు పోసి, మాల్టోజ్ అనే చక్కెర పాకం పూసి, చర్మం ఆరేదాకా వేలాడదీసి, ఆ తరువాత కాలుస్తారు. ఇంత శ్రమా చర్మం కరకరలాడడం కోసమే. కోసి మూత పెడితే దాని ఆవిరికే అది మెత్తబడుతుంది. అందుకే మంచి చోట బాతును బల్ల దగ్గరికే తెచ్చి కోస్తారు. మళ్లీ వెళ్లదలిస్తే రద్దీ లేని మధ్యాహ్నం వెళ్లండి, బాతును ఎదుటే కోయమని ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడగండి, చర్మం మెత్తగా ఉంటే మొదటి ముక్కకే వెనక్కి పంపండి. టోఫు మాత్రం అక్కడ వద్దు. దినుసులే సరైనవి కానప్పుడు రద్దీ తగ్గినా అది బాగుపడదు.