అప్‌డేట్: నాన్నగారి ఎస్‌జీపీటీ 142 సంగతి
మద్యం ముట్టని మా నాన్నగారికి, కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు ఎస్‌జీపీటీ 142, ఎస్‌జీఓటీ 96 అంత ఎక్కువగా ఎందుకు వచ్చాయని మూడు నెలల కిందట ఇక్కడ అడిగాను. కడపలో చూపించాము. హెపటైటిస్ బి, సి లేవని తేలింది. స్కానింగులో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్, అంటే కాలేయంలో కొద్దిగా కొవ్వు చేరడం, కనిపించింది. ఎస్‌జీఓటీ కండరాల నుంచి కూడా వస్తుంది కాబట్టి కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీపీకే పరీక్ష చేయించాము, అది మామూలుగానే ఉంది. అంతటితో ఆగక, ఇంట్లో ఇంకేమి వాడుతున్నారని డాక్టరుగారు అడిగారు. షుగరు తగ్గుతుందన్న నమ్మకంతో నాన్నగారు పెరట్లో వేపచెట్టుకు పాకిన తిప్పతీగను కోసి, ఆరు నెలలుగా రోజూ పొద్దున గ్లాసెడు కషాయం తాగుతున్నారు. అది మందు కాదనుకుని నేను అప్పుడు రాయనే లేదు. తిప్పతీగ వల్ల కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు మన దేశంలోనే నమోదయ్యాయట. కషాయం మానిన ఆరు వారాలకు ఎస్‌జీపీటీ 61కి దిగింది. మిగిలినది కొవ్వు వల్ల కావచ్చునని, బరువు తగ్గించుకుని మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు.