సమస్యాపూరణం: “చేయి కలుపకున్న చెలిమి పెరుగు”

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఈ వారం ఇచ్చింది ఆటవెలది నాలుగో పాదం. చే–చె యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత) కుదిరే ఉంది, పై మూడు పాదాలు మీవి. సమస్య మొన్న మా ఇంటి పెళ్లిలో పుట్టింది. పెళ్లికొడుకు పెదనాన్నగారు నమస్కారం పెడుతుంటే, బరంపురంలో చదువుకుంటున్న మా మేనల్లుడు షేక్‌హ్యాండుకి చేయి చాచాడు. చాచిన చేయి గాల్లోనే ఉండిపోయింది. పెద్దాయన ఒక్క క్షణం చూసి, జోడించిన రెండు చేతులూ విడదీసి వాడి చేతిని మధ్యకి తీసుకున్నారు. అది చూసినప్పటి నుంచి ఈ పాదం నన్ను వదల్లేదు.

వంశధార (గుణుపురం):
నేను నర్సుని మాస్టారూ, నాకు తెలిసినదే రాశాను.

దగ్గు జలుబు లున్న తరి దూరమున నిల్చి
నవ్వి మ్రొక్కుటదియె నయము గాదె
పక్కవానికిఁ దన బాధ నంటింపక
చేయి కలుపకున్న చెలిమి పెరుగు

2014లో వేల్స్‌లోని అబరిస్ట్‌విత్ విశ్వవిద్యాలయంవారు తొడుగు వేసిన చేతిని బాక్టీరియా ద్రవంలో ముంచి, ఆరబెట్టి, ఒకరి చేత ఒకరికి చేయి కలిపించి చూశారు. షేక్‌హ్యాండులో అంటుకున్న దాంట్లో సుమారు సగమే హై ఫైవ్‌లో (పైకెత్తిన అరచేతులు చరుచుకోవడంలో) అంటుకుంది. పిడికిళ్లు తాకిస్తే పదో వంతు.

మహేంద్రతనయ:
అమ్మా, పద్యం నిర్దోషం. “బాధ నంటింపక” అన్న మాటతో సమస్యలోని విరోధం దానంతటదే విడిపోయింది. చేయి ఇవ్వకపోవడం బిగుసుకోవడం కాదు, ఎదుటివాడి మీద శ్రద్ధ అన్నారు. “నవ్వి” అన్న మాట లేకపోతే ఈ పద్యం సగం చచ్చిపోయేది.

ఋషికుల్య (బరంపురం):
మా వాలీబాల్ జట్టు కోసం.

ఆట గెలిచినపుడె యరచేయి పైకెత్తి
చప్పటదిరిపోవఁ జరచినారు
కుఱ్ఱవాండ్ర తీరు గురుతింపగా నేఁడు
చేయి కలుపకున్న చెలిమి పెరుగు

వంశధార:
తమ్ముడూ, అరచేతులు తాకాయిగా? చేయి కలిపినట్టే కదా!

ఋషికుల్య:
చరచడం వేరు, కలపడం వేరు అక్కా. షేక్‌హ్యాండులో ఎవరు ముందు వదలాలో తెలియక నాకు ఇబ్బంది. దీంట్లో ఆ గొడవ లేదు, తగిలిన మరుక్షణమే అయిపోతుంది. 1977 అక్టోబరు 2న లాస్ ఏంజెలెస్‌లో బేస్‌బాల్ ఆటగాడు డస్టీ బేకర్ హోమ్ రన్ కొట్టి వస్తుంటే, తోటి ఆటగాడు గ్లెన్ బర్క్ చేయి పైకెత్తి నిలబడ్డాడు, బేకర్ దాన్ని చరిచాడు. మొదటి హై ఫైవ్ అదేనని ఎక్కువమంది చెబుతారు.

మహేంద్రతనయ:
వాదన ఒప్పుకుంటాను. కానీ బాబూ, నీ భావానికి “కలుపకున్నను” కావాలి. “కలపకపోయినా” అని నీ ఉద్దేశం, పాదం మాత్రం “కలపకపోతే” అంటోంది. సమస్యలో అక్షరం మార్చకూడదు కాబట్టి ఆ “అయినా”ని మూడో పాదంలోనే తేవాలి. ఇంకోసారి ప్రయత్నించు.

నాగావళి (రాయగడ):

కొండసంతలోనఁ గురువృద్ధుఁ డొకరుండు
రెండు చేతులెత్తి దండమిడుచు
నను జుహారు బాబు మంచిదా యని పిల్చి
చేయి కలుపకున్న చెలిమి పెరుగు

ఋషికుల్య:
రెండో పాదంలో రె–దకి యతి ఎలా?

మహేంద్రతనయ:
అక్కడ రెండు–దండ ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకి బదులు రెండో అక్షరాలు కలవడం, ఆటవెలదిలో చెల్లుతుంది. తప్పింది మూడో పాదం: న–మకి మైత్రి లేదు. “నాయనా యని పిల్చి” అంటే యతీ కుదురుతుంది, పెద్దాయన గొంతూ వినిపిస్తుంది. జుహారుని జోహారు చేయమని ఎవరైనా అంటే వినకండి. కోరాపుట్ వైపు మనుషులు ఎదురైతే అనుకునే మాట అది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల దగ్గర కూర్చుని వాళ్ల మాటని వాళ్ల నోట విన్నట్టే రాసుకున్న ఊళ్లో ఉంటున్నాం మేము. ఋషికుల్యకి చెప్పిన “కలుపకున్నను” దోషం దీనికీ కొంత ఉంది, అయినా ఈ పద్యం నాకు ఇష్టం.

శబరి (జయపురం):
నేను ప్రశ్నగా పూరించాను.

కుష్ఠు మానినట్టి కూలివాఁ డెదురైనఁ
జేబులోనఁ జేయి చేర్చినావు
తెలుపు మన్న! యెట్టి తీరుగా నాతని
చేయి కలుపకున్న చెలిమి పెరుగు?

“నావు” అన్నది నన్నే. మా సంతలో బియ్యం బస్తాలు దించే మనిషి. మందు పూర్తిగా వాడి నయమైంది, వేళ్ల కొసలు మాత్రం లేవు. పలకరిస్తూ చేయి ముందుకి తెచ్చాడు. నా చేయి నేను అనుకోకుండానే జేబులోకి పోయింది, లోపల బస్సు టికెట్టు నలిగింది. అతను చేయి వెనక్కి తీసుకుని భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు, సర్దే అవసరం లేకపోయినా.

వంశధార:
అన్నా, నయమైనవాళ్ల నుంచి అది అంటదు. చేయి కలిపినంత మాత్రాన అసలే అంటదు. కుష్ఠుకి బహుళ ఔషధ చికిత్సని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1981లో. ఎయిడ్స్ అంటే జనం వణికిన రోజుల్లో, 1987లో, బ్రిటన్ యువరాణి డయానా లండన్ ఆసుపత్రిలో తొడుగు లేకుండా రోగికి చేయి ఇచ్చింది. నా పద్యం దగ్గు జలుబులకే, ఈ చేతికి కాదు.

మహేంద్రతనయ:
కాకువుతో, అంటే ప్రశ్నించే గొంతుతో, పూరణ, సంప్రదాయం ఒప్పినదే. “జేబులోనఁ జేయి” అన్నచోట ఆగిపోయాను, తర్వాత గణాలు లెక్కపెట్టబుద్ధి కాలేదు. ఈ వారానికి ఇదే నా ఎంపిక. ఒక్క సందేహం: “ఆతని చేయి కలుప” కన్నా “ఆతనితో” వాడుకకి దగ్గర. అయితే తో తర్వాత చేయి “జేయి” అవుతుంది, సమస్య చెడుతుంది. అలాగే ఉంచండి.

శబరి:
ఉంచుతాను మాస్టారూ. గురువారం సంతకి వెళ్తున్నాను.