సభ సెలవుల్లో ఉండగా అధ్యక్షుడు బిల్లును జేబులో వేసుకోవచ్చా?

కొల్లేటికొంగ:
అమెరికా రాజ్యాంగం ప్రకారం బిల్లు చేతికొచ్చాక అధ్యక్షుడికి ఆదివారాలు పోను 10 రోజుల గడువుంది. సంతకం పెట్టొచ్చు, లేదా అభ్యంతరాలు రాసి అది పుట్టిన సభకే తిప్పి పంపొచ్చు. రెండూ చేయకుండా ఊరుకుంటే గడువు దాటగానే చట్టమైపోతుంది. ఒకటే మినహాయింపు. కాంగ్రెస్ (అంటే సెనేట్, ప్రతినిధుల సభ ఉన్న అమెరికా పార్లమెంటు) వాయిదా పడి, తిప్పి పంపే వీలు లేకుండా పోతే ఆ బిల్లు చచ్చిపోతుంది. అదే పాకెట్ వీటో. 1812లో అధ్యక్షుడు మాడిసన్ మొదలుపెట్టారు. కాంగ్రెస్ రెండేళ్ల కాలం ముగిసిపోతే ఇందులో పేచీ లేదు. మరి క్రిస్మస్‌కి సభ్యులు వారం రోజులు ఇంటికెళ్లినా చెల్లుతుందా? చెల్లకూడదంటాను. మామూలు వీటోని రెండు సభలూ మూడింట రెండొంతుల ఓట్లతో కొట్టేయొచ్చు. దీనికి ఆ విరుగుడు లేదు, బిల్లు మళ్లీ మొదటినుంచీ రావాల్సిందే. సెలవుల తేదీలు చూసుకుని అధ్యక్షుడు సభ నోరు నొక్కేయడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది.

పాతవకీలు:
కొంగ గారూ, అన్యాయం అనే ముందు 1929 తీర్పు చూడండి. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒకానగన్ తదితర తెగలు తమ భూముల విషయంలో ప్రభుత్వం మీద దావా వేసుకోవడానికి వీలిచ్చే బిల్లు అది. 1926 జూన్ 24న అధ్యక్షుడు కూలిడ్జ్ దగ్గరికి వెళ్లింది. జులై 3న కాంగ్రెస్ తన రెండేళ్ల కాలంలోని మొదటి సెషన్ ముగించుకుని వెళ్లిపోయింది, మళ్లీ కూర్చునేది డిసెంబరులో. జులై 6తో గడువు తీరింది. ఆయన సంతకం పెట్టలేదు, తిప్పి పంపలేదు. చట్టమైపోయిందని తెగలు కోర్టుకెక్కితే సుప్రీంకోర్టు కాదంది. కాంగ్రెస్ కాలం పూర్తిగా ముగియాల్సిన పనిలేదు, సెషన్ల మధ్య వాయిదా చాలు అంది. సభ కూర్చుని లేనప్పుడు ఏ అధికారి చేతిలోనో పెడితే అది తిప్పి పంపడం కిందికి రాదు, బిల్లు నెలల తరబడి అతీగతీ తేలకుండా ఉండిపోతుంది అని కారణం చెప్పింది. ఆ తీర్పును ఈనాటికీ సుప్రీంకోర్టు కొట్టేయలేదు.

డాలస్‌బాబాయి:
1986లో జ్ఞానీ జైల్ సింగ్ పోస్టాఫీసు సవరణ బిల్లును పక్కన పెట్టేసింది కూడా ఇదే కదా?

పాతవకీలు:
కాదు బాబాయ్. మన 111వ అధికరణలో రాష్ట్రపతికి గడువే లేదు, సభ నడుస్తోందా లేదా అన్నదానితో సంబంధమూ లేదు. అమెరికాలో గడువు ఉంది కాబట్టే ఈ గొడవంతా.

కొల్లేటికొంగ:
వకీలు గారూ, 1938 తీర్పుని వదిలేశారు. రూజ్వెల్ట్ వీటో చేసిన బిల్లు పుట్టిన సెనేట్ మూడు రోజుల విరామంలో ఉంది, ప్రతినిధుల సభ మాత్రం నడుస్తోంది. ఆయన దాన్ని సెనేట్ కార్యదర్శికి అందజేశారు. అది సక్రమంగా తిప్పి పంపినట్టేనని అదే సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అప్పుడు కార్యదర్శి చేతికిస్తే సరిపోయినప్పుడు ఆరు రోజుల విరామంలో ఎందుకు సరిపోదు?

1970లో జరిగింది సరిగ్గా అదే. కుటుంబ వైద్యుల శిక్షణకు నిధులిచ్చే బిల్లు డిసెంబరు 14న నిక్సన్‌కు చేరింది. దానికి వ్యతిరేకంగా సెనేట్‌లో పడింది ఒక్క ఓటు, ప్రతినిధుల సభలో రెండు! డిసెంబరు 22న సభలు క్రిస్మస్‌ సెలవులకు వెళ్లాయి, 25తో గడువు తీరింది. సందేశాలు అందుకోవడానికి సెనేట్ తన కార్యదర్శికి ముందే అధికారం ఇచ్చి మరీ వెళ్లింది. అయినా నిక్సన్ పాకెట్ వీటో అన్నారు. సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ దావా వేసి, అప్పీళ్ల కోర్టులో తానే నిలబడి వాదించి 1974లో గెలిచారు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లలేదు. ఆ ఓట్లు చూస్తే నిక్సన్ ఎందుకు తిప్పి పంపలేదో తెలుస్తూనే ఉంది.

పాతవకీలు:
సెషన్ నడుమ చిన్న విరామం సంగతి మీకే వదిలేస్తాను. సెషన్‌కీ సెషన్‌కీ మధ్య విరామం వేరు. బిల్లు పాస్ చేసేసి తలుపులు మూసుకుపోతే అధ్యక్షుడి వీటో హక్కు ఏం కావాలి? ఆ నిబంధన పుట్టిందే దానికి.

కొల్లేటికొంగ:
అందుకుని భద్రపరిచే అధికారి ఉన్నాక ఆ హక్కుకు వచ్చిన లోటేమిటి? అభ్యంతరాలు ఆ అధికారికి ఇస్తే వీటో చేసినట్టే. సభ తిరిగొచ్చి ఓటేసుకుంటుంది. ఇద్దరి హక్కులూ నిలబడే దారి ఉండగా ఒకరిది పూర్తిగా తుడిచేసే దారి ఎందుకు? రేగన్ 1983లో ఎల్ సాల్వడార్ సాయానికి మానవ హక్కుల షరతు పెట్టిన బిల్లును సెషన్ల మధ్యే జేబులో వేసుకుంటే, అప్పీళ్ల కోర్టు అదీ చెల్లదంది.

పాతవకీలు:
ఆ తీర్పును 1987లో సుప్రీంకోర్టు పక్కన పెట్టేసింది కదండీ. ఆ చట్టం గడువు అప్పటికే తీరిపోయిందని అసలు ప్రశ్న జోలికి వెళ్లకుండానే. కాబట్టి 1929 నాటి మాటే మిగిలింది.

గోదారిగట్టు:
మీ ఇద్దరి వాదన ఎటూ తేలకపోవడం వల్లే 2007 డిసెంబరులో బుష్ రెండూ చేశారు. సైనికుల జీతాల పెంపు ఉన్న రక్షణ బిల్లు అది. ఇరాక్ మీద దావాలకు దారిచ్చే ఒక సెక్షన్ నచ్చక పాకెట్ వీటో అని ప్రకటించారు, ఎందుకైనా మంచిదని ప్రతినిధుల సభ క్లర్కుకూ తిప్పి పంపారు. క్లర్కు చేతికి పంపగలిగినప్పుడు తిప్పి పంపే వీలు లేదని ఎలా అంటారు? సభ దాన్ని మామూలు వీటోగానే తీసుకుంది, కానీ ఓటు పెట్టలేదు. కొత్త బిల్లు తెచ్చి 2008 జనవరిలో సంతకం పెట్టించుకుంది.

పాతవకీలు:
ఈ ప్రశ్న నన్నూ ఇబ్బంది పెడుతుంది, దాయను. ఆ రోజు ఓటు పెట్టి మూడింట రెండొంతులు గెలిచి ఉంటే, అది చట్టమా కాదా అని కోర్టు తేల్చక తప్పేది కాదు.