కట్లెట్‌లో ఎముక ఏమైంది?

ప్రశ్న: న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్ళతో ఇటాలియన్ హోటల్‌కి వెళ్ళాను. చికెన్ కట్లెట్లంటూ పిక్కాటా, మర్సాలా, ఫ్రాంచేజే, పార్మిజానా అని పేర్లు. కట్లెట్ అంటే రైల్లో అమ్మే ఆలుగడ్డ బిళ్ళ కదా? మర్సాలా మన మసాలానేనా?

— ఫ్రెంచిలో కోత్ అంటే పక్కటెముక. ఆ ఎముకతో ఉన్న చిన్న ముక్క కోత్‌లెత్. ఇటాలియన్లో కోతొలెత్తా, ఇంగ్లీషులో కట్లెట్. ఇంగ్లీషు 'కట్'తో చుట్టరికం లేదు, చెవికి అలా వినిపిస్తుందంతే. మిలాన్‌లో ఇప్పటికీ ఎముకతో ఉన్న దూడమాంసాన్ని గుడ్డుసొనలో ముంచి, రొట్టెపొడి అద్ది, వెన్నలో వేయిస్తారు. సాస్ ఉండదు, నిమ్మచెక్క పిండుకోవడమే. మన దగ్గరికొచ్చేసరికి ఎముక పోయింది, మాంసమూ పోయింది, రొట్టెపొడి మిగిలింది!

— మర్సాలా ఇటలీలోని సిసిలీ దీవిలో ఓ రేవు ఊరండి. అరబ్బీ 'మర్సా' అంటే రేవు. అక్కడి ఘాటు వైన్‌కీ అదే పేరు. మసాలా కూడా అరబ్బీ నుంచే వచ్చింది కానీ, 'మసాలిహ్' అనే వేరే మాట నుంచి. ఆ కూరలో పడేవి పుట్టగొడుగులూ, ఆ వైనూ.

— పిక్కాటా, ఫ్రాంచేజే రెండూ నిమ్మరసం, వెన్నేగా? రెండు పేర్లెందుకు?

— పూతలో తేడా అక్కా. పిక్కాటాకి ఉత్త మైదా, సాస్‌లో కేపర్లు, అంటే విచ్చుకోకముందే కోసి ఉప్పులో ఊరవేసిన మొగ్గలు. ఫ్రాంచేజేకి మైదా అద్దాక గుడ్డుసొనలో ముంచుతారు. వేగుతుంటే అంచులు పల్చటి ఆమ్లెట్‌లా ముడతలు పడతాయి, ఆ ముడతల్లోకి సాస్ దిగుతుంది. నా ఓటు దీనికే. ఫ్రాంచేజే అంటే 'ఫ్రెంచివాళ్ళ తీరు'. పేరు ఇటాలియన్, అర్థం ఫ్రెంచి, పేరొచ్చింది అమెరికాలోని ఇటాలియన్ల వంటిళ్ళలో. చికెన్ పార్మిజానా కూడా అక్కడిదే. ఇటలీలో పార్మిజానా అంటే ముందు గుర్తొచ్చేది వంకాయ.

— సాస్‌కి తెలుగేమిటి? పులుసా?

— పులుసు కాదు, ఇగురు. ముక్కలు తీసేశాక పెనానికి అంటుకున్న గోధుమరంగు సారం మీద వైన్ పోసి, గీకి, చిక్కబడేదాకా ఇగరబెడతారు. మా అమ్మ రొయ్యల ఇగురు దించేముందు బాణలి అడుగు అట్లకాడతో గీకేది. "రుచంతా ఇక్కడే అంటుకుందిరా" అనేది.

— బాగుంది. కానీ పార్మిజానాకి ఇగురు కుదరదు. టమాటా సాస్ విడిగా ఉడికించి, రొట్టెపొడి పట్టించిన ముక్క మీద పోసి, పైన మొజరెల్లా చీజ్ కరిగిస్తారు.

— ఒప్పుకుంటాను. దాన్ని వదిలేద్దాం.

— మరి కట్లెట్‌కి? ముక్కని పల్చగా సాగగొడతారు కాబట్టి 'కోడిరేకు' అందామా?

— వద్దండీ, రేకుల షెడ్డు గుర్తొస్తుంది.