త్రీ మెన్ అండ్ అడీనా: టక్కర్ చంపాడంటారా, లేదంటారా?

రాత్రి_షిఫ్ట్:

అందరికీ నమస్తే. హోమిసైడ్: లైఫ్ ఆన్ ద స్ట్రీట్ అనే పాత అమెరికన్ పోలీసు సీరియల్ చూసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, రెండు రోజులుగా ఇదే బుర్రలో తిరుగుతోంది.

నాకు ఆండ్రే బ్రావర్ అంటే బ్రూక్లిన్ నైన్-నైన్‌లో కెప్టెన్ హోల్ట్‌గానే తెలుసు. 2023 డిసెంబరులో ఆయన పోయినప్పుడు ఎక్కడ చదివినా ఈ పాత సీరియల్ పేరే కనిపించింది, కానీ అప్పటికి అది స్ట్రీమింగ్‌లో ఎక్కడా లేదు. 2024 ఆగస్టులో పీకాక్‌లోకి వచ్చింది, నేను ఈమధ్యే మొదలుపెట్టాను. మొదటి సీజన్ అయిదో ఎపిసోడ్ (అదే, త్రీ మెన్ అండ్ అడీనా) దాకా వచ్చి అక్కడే ఆగిపోయాను, తర్వాతది పెట్టబుద్ధి కావడం లేదు.

చూడనివాళ్ల కోసం కొంచెం చెప్తాను (కథంతా చెప్పేస్తున్నాను, చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి). బాల్టిమోర్‌లో అడీనా వాట్సన్ అనే పదకొండేళ్ల పాప హత్య జరుగుతుంది. హోమిసైడ్‌లోకి, అంటే హత్య కేసులు చూసే పోలీసు విభాగంలోకి, కొత్తగా వచ్చిన డిటెక్టివ్ బేలిస్‌కి అదే మొదటి కేసు. మొదటి ఎపిసోడ్ చివర వానలో ఆ పాప దగ్గర నిలబడి ఉంటాడే, అక్కడి నుంచి ఈ కేసు నడుస్తూనే ఉంటుంది. అనుమానం అంతా రిస్లీ టక్కర్ అనే ముసలాయన మీద. గుర్రబ్బండి మీద పళ్లూ కూరగాయలూ వీధుల్లో తిరిగి అమ్ముకునే మనిషి, ఆ ఊళ్లో వాళ్లని అరాబర్లు అంటారు. ఇప్పటికే ఆయన్ని చాలాసార్లు ప్రశ్నించారు, ఇక మిగిలింది పన్నెండు గంటలు. ఆ లోపు ఒప్పిస్తే ఒప్పించినట్టు, లేకపోతే ఇంటికి పంపేయాలి. బేలిస్, అతనితో పాటు విచారణ చేసే సీనియర్ డిటెక్టివ్ పెంబుల్టన్ (బ్రావర్ వేసింది ఈ పాత్రే), టక్కర్, ఒక గది. ఎపిసోడ్ దాదాపు అంతా ఇంతే.

నా బాధ ఏంటంటే, అంతసేపు మనల్ని ఆ గదిలో కూర్చోబెట్టి చివరికి ఏమీ చెప్పకుండా పంపేశారు. ఆయన ఆ పాపని ప్రేమించానంటాడు, ఆ వయసు పిల్లని, వింటుంటేనే ఒళ్లు జలదరించింది. కానీ చంపలేదంటాడు. మొదట్నుంచీ వీడే చంపాడని గట్టిగా నమ్మిన బేలిస్‌కి చివర్లో అనుమానం వస్తుంది, అంత నమ్మకం లేని పెంబుల్టన్ మాత్రం ఇప్పుడు వీడే అంటాడు. మరి నేను ఎవర్ని నమ్మాలి? నిజం చెప్పాలంటే సగం ఎపిసోడ్ అయ్యేసరికి నేను కూడా ఆ ముసలాయన ఒప్పేసుకుంటే బాగుండు అనుకుంటూ చూశాను, ఆయన చేశాడా లేదా అన్నది పక్కన పెట్టేసి. అది నాకు నచ్చలేదు. మీకు ఎలా అనిపించింది? తర్వాతి సీజన్లలో తేలుతుందా?

పాత_క్యాసెట్లు:

వాడే చంపాడు. నాకు ఏ అనుమానమూ లేదు.

ఆ పాప బట్టల మీద మసి మరకలు ఉన్నాయి, అవి టక్కర్ కాలిపోయిన కొట్టంలోని మసితో సరిపోయాయి. ఆ రోజు ఎక్కడున్నావంటే ఒక్కసారి కూడా సూటిగా చెప్పడు. తాగి ఉన్నాను, గుర్తు లేదు అనే మనిషి "నేను చంపలేదు" అని మాత్రం అంత ఖచ్చితంగా ఎలా చెప్తాడు? గుర్తు లేకపోతే అది కూడా గుర్తు ఉండకూడదు కదా. పైగా చివర్లో తనే ఎదురు తిరిగి వీళ్లిద్దర్నీ ఎక్కడ కొట్టాలో అక్కడ మాటలతో కొడతాడు. ఒకరి లోపల ఏముందో అంత త్వరగా పసిగట్టే మనిషికి తను చేసింది తెలియదంటే నేను నమ్మను. పెంబుల్టన్ గదిలోకి వెళ్లేటప్పుడు ఎవరి పక్షానా లేడు, బయటికి వచ్చేటప్పుడు వీడే అన్నాడు. అంతమందిని చూసిన మనిషి మాటకి నా దగ్గర విలువ ఉంది.

రెండు_భాషల_మధ్య:

పైన రాసినవారితో నేను ఏకీభవించలేను, ఏమీ అనుకోకండి.

మసి మరకలు ఆ పాప ఆ కొట్టం దగ్గరికి వెళ్లిందని చెప్తాయి, ఎప్పుడు వెళ్లిందో చెప్పవు. అక్కడ ఏం జరిగిందో అసలే చెప్పవు. మిగిలిందంతా ఆయన ముఖం చూసి, గొంతు విని మనం అల్లుకున్నదే.

నేను అమెరికా కోర్టుల్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా చేస్తాను. ఒకసారి ఒక విచారణ రికార్డింగ్ ఇచ్చి ఇంగ్లీషులోకి రాయమన్నారు. అందులో ఒక పెద్దాయన్ని అదే ప్రశ్న మార్చి మార్చి అడుగుతున్నారు. మొదట "లేదండీ" అన్నాడు, తర్వాత "లేదు సార్, చెప్పాను కదా" అన్నాడు, తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. ఇంకోసారి అడిగేసరికి "సరే సార్" అన్నాడు. అంతకుముందు ఎవరో చేసిన అనువాదంలో ఆ "సరే"ని "అవును" అని రాసేశారు. మనలో ఎవరికైనా తెలుసు, ఆ "సరే"కి అర్థం "మీరు అలాగే అంటే అలాగే కానివ్వండి, నన్ను వదిలేయండి" అని. అవును వేరు, సరే వేరు. ఆ రెండు అక్షరాల గురించి నేను ఒక పేజీ వివరణ రాసి ఇవ్వాల్సి వచ్చింది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది, అందుకే ఈ ఎపిసోడ్ నేను ఒక్క బిగిన చూడలేకపోయాను.

ఇది ఊహ కూడా కాదు. 1989లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఒక మహిళ మీద జరిగిన అత్యాచారం కేసులో అయిదుగురు కుర్రాళ్లని పట్టుకున్నారు, అందరూ 14 నుంచి 16 ఏళ్లవాళ్లు. గంటల తరబడి ప్రశ్నించాక నలుగురు వీడియో ముందు తప్పు ఒప్పుకున్నారు. జైలుకీ వెళ్లారు. తర్వాత వేరే మనిషి నేనే చేశానని చెప్పి, అతని డీఎన్‌ఏ కూడా సరిపోయాక 2002లో ఆ శిక్షలు కొట్టేశారు. పైగా అమెరికాలో విచారణలో పోలీసులు అబద్ధం చెప్పొచ్చు. నీ స్నేహితుడు అంతా చెప్పేశాడు అని లేనిది చెప్పినా ఆ ఒప్పుకోలు చెల్లుతుందని 1969లోనే సుప్రీంకోర్టు అంది. మైనర్ల విషయంలో అలా మోసం చేయకూడదని ఇల్లినాయ్, ఓరెగాన్ చట్టం తెచ్చింది 2021లో.

ఇదంతా మనసులో పెట్టుకుని బేలిస్ ఆ ముసలాయన ముఖాన్ని వేడి పైపు దగ్గరికి నెట్టే చోటు మళ్లీ చూడండి. ఆ క్షణంలో టక్కర్ "నేనే చేశాను" అని ఉంటే మీరు నమ్మేవారా?

పాత_క్యాసెట్లు:

ఆ పైపు సీన్ తప్పే, దాన్ని నేను వెనకేసుకు రావడం లేదండి. ఆ క్షణంలో ఒప్పుకుని ఉంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు. కానీ ఒక పోలీసు తప్పు చేసినంత మాత్రాన ఎదుటివాడు నిర్దోషి అయిపోడు కదా. నేను ఆ పాప తల్లి వైపు నుంచి చూస్తాను. ఆవిడకి రేపు ఎవరు ఏం చెప్తారు?

మీ "సరే" సంగతి మాత్రం మంచిది చెప్పారు. నేను అలా ఎప్పుడూ ఆలోచించలేదు.

మూడో_వరుస_సీటు:

చర్చ అంతా చంపాడా లేదా మీదే నడుస్తోంది కాబట్టి నేను తీసిన తీరు గురించి నాలుగు మాటలు రాస్తాను, నాకు ఈ సీరియల్ అంటే ప్రాణం.

ఈ ఎపిసోడ్ ఎన్‌బీసీలో 1993 మార్చి 3న వచ్చింది. రాసింది టామ్ ఫొంటానా, దీనికి ఆయనకి ఎమ్మీ వచ్చింది. తీసింది మార్టిన్ క్యాంప్‌బెల్, ఆ తర్వాత జేమ్స్ బాండ్ సినిమాలు గోల్డెన్ ఐ, క్యాసినో రాయల్ తీసినాయన. అంత పెద్ద పెద్ద ఫైట్లు తీసిన మనిషి ఇక్కడ ఒక బల్ల, నాలుగు గోడలతో అంతకన్నా ఎక్కువ టెన్షన్ పుట్టించాడు. స్టేషన్‌గా చూపించేది బాల్టిమోర్ రేవు పక్కన ఫెల్స్ పాయింట్‌లోని పాత భవనం, సిటీ రిక్రియేషన్ పియర్. ఇప్పుడు అది హోటల్ అయింది.

మొదట్లో బేలిస్ టక్కర్ రాకముందే ఆ గదిలో ఫొటోలు, సాక్ష్యాలు అన్నీ సర్దుకుంటాడు చూడండి. పరీక్ష ముందు రోజు పిల్లాడు పుస్తకాలు సర్దుకున్నట్టు ఉంటుంది. అతని దగ్గర ఉన్న బలం అంతా ఆ గోడ మీదే ఉంది. పెంబుల్టన్‌కి ఇవేవీ అక్కర్లేదు. మొదటి ఎపిసోడ్‌లోనే చెప్తాడు, విచారణ అంటే సరుకు అమ్మడం లాంటిదే, కాకపోతే తను అమ్మేది జైలు శిక్ష, కొనేవాడికి దాంతో ఏ పనీ లేదు అని. ఇక్కడ బ్రావర్ గొంతు గమనించండి. బేలిస్ అరిచిన ప్రతిసారీ ఈయన ఇంకా తగ్గించి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఇంటి మనిషిలా మాట్లాడతాడు. నాకు ఆ అరుపుల కన్నా ఈ మెత్తదనమే ఎక్కువ భయమేసింది.

ఇక టక్కర్‌గా వేసిన మోజెస్ గన్. రూట్స్ సీరియల్ చూసినవాళ్లకి కింటాంగో పాత్రలో గుర్తుంటాడు. నాటకాల్లోంచి వచ్చిన మనిషి. ఈ ఎపిసోడ్ వచ్చిన ఏడాది డిసెంబరులోనే పోయాడు. చంపినవాడిలా ఒక మాట, చంపనివాడిలా ఇంకో మాట చెప్పి మనల్ని ఊరించే నటన కాదు ఆయనది. అవమానపడిన ముసలివాడు ఎలా ఉంటాడో అలాగే మొదటి నుంచి చివరిదాకా ఉంటాడు. ఆ అవమానం చేసిన పనికా, మోస్తున్న నిందకా అన్నది మనకి ముఖంలో దొరకదు.

ఒక్క అభ్యంతరం ఉంది నాకు. సన్నివేశం మధ్యలో ఉన్నట్టుండి ముక్కలు ముక్కలుగా కత్తిరించే పద్ధతి ఈ సీరియల్ అంతటా ఉంటుంది, వేరేచోట్ల నాకు ఇష్టమే కానీ ఈ గదిలో రెండు మూడు చోట్ల నటుల ఊపిరిని కూడా కత్తిరించినట్టు అనిపించింది.

రెండు_భాషల_మధ్య:

మోజెస్ గన్ గురించి భలే చెప్పారండి. ఇంకో మాట కలుపుతాను. ఆ గదిలో ఇద్దరు నల్లజాతివాళ్లు, ఒక తెల్లవాడు. చివర్లో టక్కర్ పెంబుల్టన్‌ని నువ్వు నీ వాళ్లని చూసి సిగ్గుపడే మనిషివి, నాలాంటివాడిని చూస్తే నీకు అసహ్యం అన్నట్టు నిలదీస్తాడు. బేలిస్‌నేమో నీ లోపల ఒక చీకటి ఉంది, దానికి నువ్వే భయపడుతున్నావంటాడు. ఇద్దరూ జవాబు చెప్పలేరు. అప్పటిదాకా ప్రశ్నలు వేసినవాళ్లిద్దరూ.

నాకైతే బేలిస్ మనసు మారడానికి సాక్ష్యం ఏదో బలహీనపడడం కారణం కాదనిపించింది. ఆ పైపు దగ్గర తను ఏం చేయగలడో తనకి తెలిసింది. అంత కోపం తన దగ్గరే ఉన్నప్పుడు, ఎదుటివాడి మీద అంత నమ్మకంగా వేలు చూపించడం అతనికి కష్టమైంది.

పాత_క్యాసెట్లు:

ఇది ఒప్పుకుంటాను. అయినా వాడే.

మూడో_వరుస_సీటు:

@రాత్రి_షిఫ్ట్ మీరు అడిగినదానికి జవాబు: తేలదు. కావాలనే తేల్చలేదు. ఈ సీరియల్‌కి మూలం డేవిడ్ సైమన్ పుస్తకం. ఆయన బాల్టిమోర్ పత్రిక రిపోర్టర్‌గా ఉండి 1988లో ఏడాదంతా హోమిసైడ్ డిటెక్టివ్‌లతో తిరిగి రాశాడు. అందులో ఇలాంటి కేసే ఉంది, ఒక పదకొండేళ్ల పాప, ఒక ముసలాయన మీద అనుమానం, గంటల విచారణ. ఆ అసలు కేసు కూడా తేలలేదు. నిజంగా ఒక ఇంట్లో పిల్ల పోయి, జవాబు దొరకని చోట, టీవీ కోసం జవాబు తయారుచేసి ఇచ్చి ఉంటే నాకు అన్యాయంగా ఉండేది.

అలాగని అక్కడితో వదిలేయరు కూడా. నాలుగో సీజన్‌లో రెక్వియమ్ ఫర్ అడీనా అని ఒక ఎపిసోడ్ ఉంది, ఇంకో పాప హత్య జరిగితే బేలిస్ మళ్లీ పాత గాయం తవ్వుకుంటాడు. ఏడు సీజన్లు పూర్తయ్యేసరికి ఆ మనిషి ఏమవుతాడో మీరే చూడండి, నేను చెప్పను. ఆపకండి మాత్రం, దయచేసి.

రాత్రి_షిఫ్ట్:

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి మళ్లీ చూశాను, ఈసారి టక్కర్ వైపు చూడకుండా బేలిస్‌నే చూస్తూ. మొదటిసారి అతను నాకు కేసు కోసం తపించే మంచి కుర్రాడిలా కనిపించాడు. ఈసారి ఫొటోలు సర్దుతున్నప్పుడే భయమేసింది, అందులో ఒక్క ప్రశ్న కూడా జవాబు తెలుసుకోవడానికి పెట్టుకున్నది లేదు, అన్నీ ఒప్పించడానికే. నేను ఆ ముసలాయన ఒప్పుకుంటే బాగుండు అనుకోవడం మొదలుపెట్టింది కూడా దాదాపు అక్కడే అని అప్పుడు తెలిసింది.

@పాత_క్యాసెట్లు అన్నా, మీరన్న తల్లి మాట కూడా వదలడం లేదు. ఎపిసోడ్ అయిపోయాక ఆ స్టేషన్‌లోని బోర్డు గుర్తొచ్చింది. తేలిన కేసులు నల్ల అక్షరాల్లో, తేలనివి ఎర్ర అక్షరాల్లో రాస్తారు కదా. అడీనా పేరు ఎర్రగానే ఉండిపోతుంది. ఈ రోజు డ్యూటీ అయ్యాక ఆరో ఎపిసోడ్ పెడుతున్నాను. రెక్వియమ్ దాకా వచ్చాక మళ్లీ ఇక్కడే రాస్తాను, అప్పటిదాకా ఎవరూ ముందు కథ చెప్పకండి.