చలి ఇంకా పోలేదు, క్లబ్బు రైడ్లకు ఇప్పుడే వెళ్లాలా? నెల ఆగాలా?

కొత్త_పెడల్:
నమస్కారం అండీ. చలికాలమంతా సైకిల్ మూలన పడేశాను, మూడు నెలలు దాటింది. మాకు దగ్గర్లో ఉన్న సైకిల్ క్లబ్బువాళ్లు వచ్చే ఆదివారం నుంచి మళ్లీ రైడ్లు మొదలుపెడుతున్నారు. మొదటిది 40 కిలోమీటర్లు, అయ్యాక అందరూ ఒకచోట కూర్చుని కబుర్లు చెప్పుకుంటారట, వారం మధ్యలో ఒక సాయంత్రం పంక్చర్ వేసుకోవడం కూడా నేర్పిస్తారట. వెళ్లాలని చాలా ఉంది. కానీ ఒక్కదాన్నే తొక్కితే గంటకు 18 దాటను, గుంపులో ఎప్పుడూ తొక్కలేదు. నా మూలంగా పదిమంది ఆగాల్సి వస్తుందేమోనని టెన్షన్. ఇంకో నెల సొంతంగా ప్రాక్టీస్ చేసి వెళ్తే మంచిదా? పైగా అక్కడ నాకు ఒక్కరూ తెలియదు, కొత్తవాళ్లతో మాట కలపడం నాకు తొందరగా రాదు.

చివరి_చక్రం:
ఆగకండి. మా క్లబ్బులో నాలుగేళ్లుగా గుంపు చివర్న ఉండే పని నాది, అంటే వెనకబడిన వాళ్లతో పాటు వెళ్లి, వాళ్లను జాగ్రత్తగా తిరిగి చేర్చడం. సీజన్ మొదట్లో పాతవాళ్ల కాళ్లు కూడా బిగుసుకుపోయే ఉంటాయి, చిన్న ఎత్తు వచ్చినా ఆయాసపడుతుంటారు, అందుకే రైడ్లు చిన్నవి పెడతారు. నెలన్నర గడిచాక వాళ్లంతా ఊపు అందుకుంటారు, ఎవరి జట్టు వాళ్లకు కుదిరిపోతుంది, అప్పుడు కొత్తగా వచ్చినవాళ్లకే కష్టం. గుంపులో ముందున్నవాళ్లు గాలికి అడ్డుగా ఉంటారు కాబట్టి మీ 18 కూడా తెలియకుండానే కొంచెం పెరుగుతుంది.

అయితే ఒక మాట. క్లబ్బువాళ్లు ‘ఎవరినీ వదిలి వెళ్లం’ అని రాసుకున్నా, అంతటితో ఊరుకోవద్దు. సగటు స్పీడు ఎంత, చివర్న ఎవరుంటారు, ముందు వెళ్లినవాళ్లు ఎక్కడ ఆగుతారు, ఇవి ముందే ఫోన్ చేసి అడగండి. సూటిగా చెప్తే ధైర్యంగా వెళ్లండి. ‘వచ్చేయండి, చూసుకుందాం’ అంటే మాత్రం నేనైతే ఆలోచిస్తాను. వెనకబడినవాళ్లు చేరుకోగానే ముందువాళ్లు బయల్దేరిపోయే గుంపులు చూశాను, అలాంటి చోట అలిసిపోయినవాళ్లకే విశ్రాంతి దొరకదు. ఇది చాలా తప్పు.

గేరు_మార్చు:
పై మాటలు నిజమే, కానీ ఆదివారం లోపు ఒకటి రెండు రోజులు ఖాళీ రోడ్డు మీద సాధన చేయండి. స్పీడు కోసం కాదు. ఒక చెయ్యి వదిలి సైగ చేయడం, హ్యాండిల్ పక్కకు లాగేయకుండా భుజం మీదుగా వెనక్కి చూడడం. గుంపులో ముఖ్యంగా ముందు సైకిల్ వెనక చక్రం పక్కకి మీ ముందు చక్రాన్ని పోనివ్వకండి. రెండూ రాసుకుంటే ముందు వ్యక్తి చాలాసార్లు నిలదొక్కుకుంటాడు, పడేది వెనకున్నవాళ్లే. మొదటి రోజు రెండు సైకిళ్ల దూరం వదలండి, ఎవరూ ఏమీ అనుకోరు. గట్టిగా బ్రేకు వేయొద్దు, ఆగాలంటే ముందు నోటితో చెప్పండి.

సైకిల్ కూడా చూసుకోండి. మూడు నెలల్లో ట్యూబుల్లో గాలి దిగిపోయి ఉంటుంది. టైరు పక్కన అచ్చు వేసిన అంకె గరిష్ఠ పరిమితి, అంతవరకూ కొట్టాలని కాదు. చైన్ తుడిచి నూనె వేసి, పైన మిగిలిన నూనె మళ్లీ తుడిచేయండి, లేకపోతే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. చలికాలం అయిపోయాక మలుపుల దగ్గర కంకర, ఇసుక పేరుకుని ఉంటాయి, మలుపు రాకముందే స్పీడు తగ్గించండి.

రెండో_ట్యూబు:
మాట కలపడం రాదన్నారు కదా, అయితే ముందు ఆ పంక్చర్ సాయంత్రానికే వెళ్లండి. నేను అలాగే వెళ్లాను, పోయిన వసంతంలో. చేతిలో పని ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. నేను ట్యూబు మార్చి గాలి కొట్టి సంతోషపడేలోపే మళ్లీ బుస్సుమంది. పక్కనున్న పెద్దాయన ఏమీ అనకుండా టైరు విప్పించి, లోపల పాతగుడ్డతో మెల్లగా తుడవమన్నారు. ఒకచోట గుడ్డ పట్టేసింది. చూస్తే గోరు చివరంత గాజుముక్క, బయటికి అస్సలు కనబడదు. రంధ్రం చేసిన వస్తువును తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అదీ పోతుందమ్మా అన్నారు. ఆదివారం వెళ్లేసరికి నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లు నలుగురు ఉన్నారు. రైడ్ అయ్యాక కూడా వెంటనే వెళ్లిపోకండి, అరగంట కూర్చోండి, తర్వాత వారం ఎవరు ఎటు వెళ్తున్నారో అక్కడే తెలుస్తుంది. మోకాలి నొప్పితో తొక్కడం మానేసినావిడ ఒకరు ఇప్పటికీ మా దగ్గరికి వస్తారు, మ్యాపు ముందేసుకుని దారులు ఆవిడే గీస్తారు.

ఎదురుగాలి:
బట్టల గురించి ఎవరూ చెప్పలేదు. బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి, పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కుతుంది. ఒకే మందపాటి కోటు కన్నా రెండు పల్చటివి మేలు, ఒకటి విప్పి జేబులో పెట్టుకోవచ్చు. చేతులకు మాత్రం తొడుగులు ఉండాల్సిందే, వేళ్లు కొయ్యబారితే బ్రేకు సరిగ్గా పట్టదు. ఆగినచోట ఎక్కువసేపు ఉంటే చెమట చల్లబడి వణుకు వస్తుంది, విప్పింది మళ్లీ వేసుకోండి.

కొత్త_పెడల్:
అందరికీ చాలా థాంక్స్ అండీ. ఇందాకే ఫోన్ చేశాను. సగటు 17 నుంచి 19 అట, రెండు చోట్ల ఆగుతారట, చివర్న వచ్చినవాళ్లు నీళ్లు తాగి ఊపిరి తీసుకున్నాకే కదులుతారట. వెళ్లేటప్పుడు ఎదురుగాలి ఉండేలా దారి పెట్టామని, తిరిగొచ్చేటప్పుడు గాలే తోస్తుందని చెప్పారు. బుధవారం పంక్చర్ పాఠానికీ ఆదివారం రైడుకీ పేరు ఇచ్చేశాను. వెనక టైరు పూర్తిగా చప్పబడిపోయి ఉంది, గాలి దిగిందో పంక్చరో తెలియదు, దాన్ని అలాగే బుధవారం తీసుకెళ్తున్నాను.